నాలుగో మలుపు

కోడంబాక్కం, చెన్నై
22 జనవరి 2024

అమ్మణీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. మీ బావకు మోకాలి నొప్పి తప్ప ఇంట్లో కొత్త జబ్బులేవీ లేవు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. చెవి మందగించినప్పటి నుంచి నువ్వు స్పీకరు పెట్టకుండా ఒక్క మాటా వినవు. పక్కనే ధన్య కూర్చుని ఉంటుంది. దాని గురించి దాని ముందే ఏం చెప్పను? తెలుగులో రాస్తే అది చదవలేదు. మాట వస్తుంది గానీ అక్షరం రాదు. దాని చదువంతా తమిళమూ, ఇంగ్లీషూ. నాన్న మనిద్దరినీ బేకరీ బల్ల దగ్గర కూర్చోబెట్టి మైదాపిండిలో అ ఆలు దిద్దించాడే, అది ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

నా కూతురు ఉద్యోగం మానేసి, "పది దినాలు చిన్నమ్మ దగ్గర ఉండొస్తా మా" అని కార్తీకంలో బస్సెక్కింది. ఇప్పుడు పుష్యం నడుస్తోంది. మొన్న ఫోను చేసి తిన్నావా అని అడిగితే, "చిన్నమ్మ మిరియాల చారు పెట్టింది మా. అబ్బ! నువ్వు అట్లా చెయ్యనే చెయ్యవే" అంది. ఆ చారు అమ్మ నాకు నేర్పింది. నేను నీకు నేర్పాను. ఇప్పుడు నా కూతురు నాకు దాని రుచి చెబుతోంది! ఆదివారాలు దాని తలకు నూనె పెడుతున్నావట. పెద్దదయ్యాక నన్ను దాని జుట్టు ముట్టుకోనిచ్చిందా?

సంగతికొస్తాను. అంబత్తూరులో వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీ ఉన్న వాళ్ళు, మనవాళ్ళే. పిల్లవాడి పేరు కేదార్, ఫోటో ధన్యకు డిసెంబరులోనే ఫోనులో పంపాను. నెమ్మదస్తుడు. ఫిబ్రవరి పదకొండు ఆదివారం మా ఇంటికి వస్తున్నారు. ధన్యను ముందు రోజుకే పంపించు. "పంపించు" అని రాస్తుంటేనే నాకు బాగాలేదు. నా బిడ్డను పంపమని నేను నిన్ను అడగడమేమిటి?

మీ ఊళ్ళో మంచు ఎలా ఉంది? ఇక్కడ జనవరిలోనే ఫ్యాను తిరుగుతోంది.

మీ అక్క
రాగిణి


ఆదిమూలం బేకరీ, ఏర్కాడు
30 జనవరి 2024

అక్కకు అమ్మణి నమస్కారాలు.

పోస్టుమన్ మారిముత్తు నీ కవరు తెచ్చినప్పుడు నా చేతినిండా పిండి. అతనే చింపి పట్టుకుని చూపించాడు. "ఇదేందక్కా, జిలేబీలు చుట్టినట్టుండాది" అని నవ్వాడు. మన అక్షరాలు చూసి నాకు ఎంత సంతోషమైందో! రెండుసార్లు చదివాక గానీ నువ్వు కోపంగా రాశావని తెలియలేదు.

చారు సంగతికి బాధపడకు. అది నా చేతి గొప్ప కాదు, మిరియాల గొప్ప. పైన కొండపల్లెలో ఉండే మునియక్క తన తోటవి తెచ్చి ఇస్తుంది. నీకూ పంపుతాను. ధన్య వచ్చినప్పుడు ఎండిన కాకరకాయలా ఉండింది, ఇప్పుడు బుగ్గలు వచ్చాయి. చూస్తే గుర్తుపట్టవు.

అది చేస్తున్న పని నీకు సరిగ్గా చెప్పిందో లేదో. శని ఆదివారాల్లో ఊరు చూడవచ్చిన వాళ్ళను నడిపించి తిప్పుతోంది. చెరువు దగ్గర మొదలుపెట్టి, పాత చర్చి, దొరల సమాధులు, బంగళాలు, బోర్డింగు బడి గేటు, కాఫీ తోటల అంచు చూపించి చివరికి మన బేకరీకి తెస్తుంది. కట్టెల పొయ్యి చూడాలని అందరూ లోపలికి వచ్చేస్తారు. దొరల క్లబ్బు వంటవాడి దగ్గర నాన్న రొట్టె పని నేర్చుకున్న సంగతి అది ఇంగ్లీషులో చెబుతుంటే, పొయ్యిని గుడిలో దేవుడిని చూసినట్టు చూస్తారు. ఊరికే పడవెక్కి, ఉన్నిటోపీ కొనుక్కుని పోయేవాళ్ళు ఇప్పుడు ఈ ఊరికి ఒక కథ ఉందని తెలుసుకుని పోతున్నారు. ఈ చెవితో నాకు మాటలు సగమే పట్టుబడతాయి. ఇన్ని సంగతులు దానికి ఎక్కడివా అని ఆశ్చర్యంగా ఉంటుంది.

కేదార్ వాళ్ళు వస్తున్నారని చెప్పాను. "సరే చిన్నమ్మా, చూస్తాం" అంది. బస్సెక్కించే పూచీ నాది.

నిన్న మంచు దిగి పడవలు ఆపేశారు. బావ మోకాలికి యూకలిప్టస్ నూనె సీసా, ఒక ప్లమ్ కేకు, మిరియాలు బస్సులో వేస్తున్నాను. కేకు వెంటనే కొయ్యకు. ఉండేకొద్దీ బాగుంటుంది.

అమ్మణి


కోడంబాక్కం
14 ఫిబ్రవరి 2024

అమ్మణీ,

కేదార్ వాళ్ళు వచ్చారు, వెళ్ళారు. నీ ప్లమ్ కేకు కోసి పెట్టాను. వాళ్ళమ్మ వరదలక్ష్మిగారు రెండు ముక్కలు తిని, "కేకు రొంబ బాగుండాది. పిల్ల ఏది?" అంది. ఏం చెప్పను? ఘాటు రోడ్డు మీద అడవిదున్న అడ్డంగా నిలబడిందట. బస్సు కదల్లేదట. సేలంలో రైలు తప్పిపోయిందట. నీ కూతురు నాకు ఫోనులో చెప్పిన కథ ఇది. నా కూతురు అనే రాయబోయాను, చెయ్యి అలా పోయింది. ఎందుకంటే లోకమంతా అలాగే అంటోంది.

కింద ఇంటి రంజని తమిళ వారపత్రిక తెచ్చి చూపించింది. పొయ్యి ముందు ధన్య నీ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతోంది. కింద అచ్చులో, "కొండ ఊరి కథలు చెప్పే ధన్య, తల్లి అమ్మణితో" అని ఉంది. రంజని నవ్వుతూ, "ఏంక్కా, ధన్యకు ఇంకో అమ్మ ఉండాదా?" అని అడిగింది. నాకు నవ్వు రాలేదు.

నీకు గుర్తుందో లేదో, ఆ బేకరీలో స్టూలు వేసుకుని బల్ల దగ్గర నిలబడింది నేను. బోర్డింగు బడి పిల్లల్లో ఎవడికి జీలకర్ర బిస్కెట్టు కావాలో, ఎవడు అప్పు పెట్టి పారిపోతాడో అన్నీ నాకు తెలుసు. నువ్వు దగ్గని, ఆయాసమని కంబళి కప్పుకుని లోపల పడుకునేదానివి. సినిమా షూటింగుకు లైట్లు మోసుకుని కోడంబాక్కం నుంచి ఒక గుంపు వచ్చింది. అందులో మీ బావ మన కొట్లో టీ తాగాడు. నాన్న ఆయన ఇంటిపేరు అడిగాడు. అయిపోయింది. నన్ను మద్రాసు పంపారు. నీకు మాత్రం సుందరాన్ని ఇల్లరికం తెచ్చి, బేకరీ, చెరువు, కొండ, మంచు అన్నీ చేతిలో పెట్టారు. ఇక్కడి అగ్గిపెట్టె ఇంట్లో కళ్ళు మూసుకుని ఆ ఊరి వీధులన్నీ తిరిగేదాన్ని.

ఊరు నీకు దక్కింది. ఊరుకున్నాను. పిల్ల కూడానా?

రాగిణి


ఏర్కాడు
22 ఫిబ్రవరి 2024

అక్కకు,

ముందు ఆ పత్రిక సంగతి చెప్పనీ. పత్రికతను వచ్చినప్పుడు ధన్య చేతిలో వేడి బన్నుల పళ్ళెం ఉంది. అతను నా చెవి దగ్గరకొచ్చి ఏదో అడిగాడు. "ఉంగ బన్నా?" అని వినిపించింది. "ఆమా, నాదే. ఇప్పుడే పొయ్యిలో నుంచి తీసినా" అన్నాను. అతను నన్ను ఒకలా చూసి రాసుకున్నాడు. పత్రిక వచ్చాక ధన్య పడీపడీ నవ్వి, "చిన్నమ్మా, ఆయన అడిగింది బన్నా అని కాదు, పొణ్ణా అని" అంది. తమిళంలో కూతురిని పొణ్ణు అంటారని నీకు నేను చెప్పాలా? ఇంతే జరిగింది. మన పెరటి సిల్వర్ ఓక్ చెట్టు మీద ఒట్టు.

అడవిదున్న కూడా నిజమే. ఈ రెండేళ్ళుగా అవి రోడ్డెక్కుతున్నాయి. తోటలు రిసార్టులయ్యాక వాటికి మాత్రం దారేది?

ఇంకొకటి దాచను. కేదార్ అంటే దానికి ఇష్టం లేదు. కొత్త సంవత్సరం రోజునే నాతో చెప్పింది. "మీ అమ్మకు నువ్వే చెప్పుకోవాల, నేను మధ్యలో రాను" అన్నాను. ఆ మాట చెప్పడానికైనా వస్తుందని బస్సెక్కించాను. నేను చేసింది తప్పంటావా? దానికి ఇక్కడే ఉండాలని ఉంది. బేకరీ పక్క గదిలో కాఫీ అంగడి పెడతానంటోంది. ఊరి పాత ఫోటోలు గోడలకు తగిలిస్తుందట. నేను అవుననలేదు, కాదనలేదు.

నీకు ఊరు మీద అంత దిగులుందని నాకెప్పుడూ తెలియదు అక్కా. నువ్వు మద్రాసు వెళ్ళాక రాసిన మొదటి ఉత్తరం నిండా బీచీ, లైట్లూ, ఎలక్ట్రిక్ రైళ్ళూ ఉండేవి. అది చదివి నేను కుళ్ళుకున్నాను.

అమ్మణి


కోడంబాక్కం
28 ఫిబ్రవరి 2024

అమ్మణికి,

నవ్వించి తప్పించుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నేను నవ్వను.

కొత్త సంవత్సరం రోజునే తెలుసు. తెలిసీ జనవరి ముప్పైన "పూచీ నాది" అని రాశావు. నేను కొత్త కప్పులు తీసి, ఇల్లు కడిగి, వచ్చినవాళ్ళ ముందు తలవంచుకున్నాను. నువ్వు అక్కడ నా కూతురితో కాఫీ అంగడి గోడలకు రంగులు ఎంచుకుంటున్నావు.

నీకు దేవుడు ఒక్కరినీ ఇవ్వలేదు. అందుకని నాకున్న ఒక్కదాన్ని తీసుకుంటావా? కన్నదానికే తెలుస్తుంది ఆ బాధ. నీకు తెలియదు.

జవాబు రాయకు.

రాగిణి


కోడంబాక్కం
2 ఏప్రిల్ 2024

అమ్మణీ,

జవాబు రాయవద్దన్నాను. రాయలేదు. పుట్టినప్పటి నుంచి నా మాట విననిదానివి, ఇదొక్కటి విన్నావు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. మీ బావ పనిచేసిన స్టూడియోలో మిగిలిన షెడ్డు కూడా కూలగొట్టారు. అపార్టుమెంట్లు వస్తాయట. ఆయన రోజూ సాయంత్రం అక్కడిదాకా కుంటుతూ పోయి, గోడ ఎంత లేచిందో చూసి వస్తున్నాడు. ఆయనకు పోయి చూడటానికి గోడైనా ఉంది. మీకు వాన పడిందని టీవీలో చెప్పారు. కాఫీ పూసి ఉంటుంది. కొండంతా తెల్లగా, ఆ వాసన... దాన్ని తలుచుకున్నా నీ మీద కోపమే వస్తోంది.

ధన్య ఫోను చేస్తే నాతో తమిళంలో మాట్లాడుతోంది. కోపం వస్తే అంతే అది. తిన్నావా, తిన్నాను, పెట్టేస్తున్నా. నిన్న మాత్రం, "నేనిప్పుడు మునియక్క ఇంట్లో ఉండా" అంది. చిన్నమ్మ ఇల్లేమైంది అంటే, "ఆమెనే అడుగు" అని పెట్టేసింది. ఏం చేశావు నా బిడ్డను? నా మీద కోపం దాని మీద చూపించావా?

ఆ ఉత్తరంలో ఒక మాట రాశాను. రాసేటప్పుడు మీ బావ చూసి, "ఏంది రాస్తా ఉండావు, మొహం అట్లుండాదే?" అన్నాడు. అప్పుడే చింపేయాల్సింది. కవరు అంటించి, ఎండలో పోస్టాఫీసు దాకా నడిచి మరీ వేసి వచ్చాను.

ఈసారి జవాబు రాయి.

అక్క


ఏర్కాడు
12 ఏప్రిల్ 2024

అక్కకు,

నువ్వు రాసిన ఆ మాట నాకు కొత్త కాదు. ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళలో, సీమంతాలలో చాలామంది మొహాల మీద చదివాను. నీ చేతిరాతలో చదవడం మాత్రం అదే మొదటిసారి. చదివి మడిచి, పొయ్యిలో వేశాను.

ఆ రోజే ధన్యను పిలిచి, "పెట్టె సర్దుకో. మీ అమ్మ దగ్గరికి పో" అన్నాను.

"నేనేం తప్పు చేసినా చిన్నమ్మా?"

"తప్పేం లేదు. నువ్వు ఆమె బిడ్డవి. పో."

"అమ్మ రాసినాదా? ఆ జిలేబీ కాగితాల్లో ఏముండాది?"

"వంటలు."

"వంటలు చదివి ఎవరన్నా ఏడుస్తారా?"

నేను విననట్టు నటించాను. చెవుడుకు అదొక్కటే సుఖం. అది సంచి భుజానికి వేసుకుని బస్టాండు వైపు పోకుండా కొండెక్కి మునియక్క ఇంటికి పోయింది. అక్కడి నుంచే వచ్చి శని ఆదివారాలు జనాన్ని తిప్పుతోంది. బేకరీకి మాత్రం తీసుకురావడం లేదు. అంతదూరం నుంచే తిప్పి పంపేస్తుంది. నీ దగ్గరికీ పోలేదు, నా దగ్గరా లేదు. నీకు ఇప్పుడు తృప్తిగా ఉండాలి. నాకు లేదు.

ఒక ఆదివారం ఉండబట్టలేక కొట్టు మూసి, గొడుగు అడ్డం పెట్టుకుని ఆ గుంపు వెనకాల నడిచాను. నడుముకు చిన్న స్పీకరు కట్టుకుంటోంది ఇప్పుడు. అందుకని నాకూ ప్రతి మాటా వినపడింది. వినపడకుంటేనే బాగుండేది.

చెరువు దగ్గర ఆగి, "మా అమ్మ చెప్పింది" అని మొదలుపెట్టింది. ఒకప్పుడు డిసెంబరు వస్తే ఊరంతా కమలాపండ్ల వాసనేనట. మీ ముక్కుకు ఇప్పుడు పెట్రోలు వాసన వస్తుంది గానీ మా అమ్మ ముక్కుకు ఇంకా అదే వస్తుంది అంది. చర్చి దగ్గర మా అమ్మ. ఒంటరిగా మిగిలిపోయిన దొరసాని బంగళాకు బన్నులు తీసుకుపోతే, ఆమె మా అమ్మకు పియానో మీద వేళ్ళు పెట్టడం చూపించిందట. బోర్డింగు బడి గేటు దగ్గర మా అమ్మ. సేర్వరాయన్ గుహ గుడికి కొండవాళ్ళు మే నెలలో పల్లకీ మోసుకుపోతుంటే, డోళ్ళ వెంట నడిచి తప్పిపోయిన పిల్ల కూడా మా అమ్మే. ఇన్ని సంగతులు దానికి ఎక్కడివని అనుకునేదాన్ని కదా. అన్నీ నువ్వు అక్కడ పక్కలో పడుకోబెట్టి చెప్పినవేనట. ఒక పెద్దామె కళ్ళు తుడుచుకుని, "మీ అమ్మగారు ఈ ఊళ్ళోనే ఉన్నారా? చూడొచ్చా?" అని అడిగింది. గొడుగు కింద నేను నిలబడే ఉన్నాను.

అక్కా, నువ్వు వెళ్ళి ముప్పై ఆరేళ్ళు. ఆ కమలా చెట్లకు తెగులు పట్టి ఒక్కొక్కటీ ఎండిపోతుంటే చూసింది నేను. ఆ దొరసాని పోయినప్పుడు శవపెట్టె మోసినవాళ్ళలో సుందరం ఉన్నాడు. ఆ బంగళా రిసార్టు అయిన రోజు పియానో లారీలో ఎక్కించి తీసుకుపోతుంటే దారి పక్కన నిలబడ్డాను. ఒక్క రోజూ ఊరు వదలకుండా ఉన్నదాన్ని నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఊరు ఇక్కడుంటే దాని ప్రాణం నువ్వు తీసుకుపోయి కోడంబాక్కంలో పెట్టుకున్నట్టుంది. మళ్ళీ నీ మీద కుళ్ళుకున్నాను. నా వయసుకు సిగ్గుపడాల్సిందే, పడటం లేదు.

ఇంకొకటి కూడా గమనించాను. అన్ని కథల్లోనూ నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, పిండి జల్లించే మాదయ్య ఉన్నాడు, మన పిల్లి కూడా ఉంది. నేను ఒక్కదాంట్లోనూ లేను. నీకు చెల్లెలు ఉన్న ఆనవాలే లేదు.

ఇంటికొచ్చి ఆ పూట పిండిలో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. బన్నులన్నీ ఆవులకు పెట్టించాను.

అమ్మణి


కోడంబాక్కం
27 మే 2024

అమ్మణీ,

క్షేమంగా చేరాను. నీ ఉత్తరానికి కాగితం మీద జవాబు రాయలేక, చెప్పకుండా బయల్దేరి వచ్చేశాను. పూల ప్రదర్శనకు వచ్చే జనం మధ్య బస్సులో నిలబడి కొండెక్కాను. చలికి మంకీ టోపీ పెట్టుకుని మన గుమ్మంలో నిలబడితే నువ్వు తలెత్తకుండా, "ఎన్ని బన్నులు కావాల?" అన్నావు. నేను పుట్టిన ఇంట్లో నన్ను టూరిస్టు అనుకున్నావని మొదట ఒళ్ళు మండింది. టోపీ తీశాక నువ్వు చూసిన చూపుకు ఆ మంట పోయింది.

తర్వాత మాట్లాడుకున్నవి రాయక్కర్లేదు. చాలావరకు నేను అరిచాను, నువ్వు "ఆఁ?" అన్నావు. క్షమించమని అడగడమే కష్టం, దాన్ని మూడుసార్లు గొంతెత్తి అడగాల్సి వచ్చింది. ఎదురుగా టీకొట్టు వాడు కూడా నన్ను క్షమించి ఉంటాడు.

ఇది రాస్తున్నది వేరే సంగతికి. నేను తిరిగి బయల్దేరిన రోజు పొద్దున ధన్యా, నేనూ నడిచి వచ్చామే, అప్పుడు జరిగింది నీకు తెలియదు. అడిగితే ఇద్దరమూ చెప్పలేదు.

మునియక్క ఇంటికి పోయి పిలిస్తే, అది తలుపు దగ్గరే నిలబడి, "పంచాయితీకి వచ్చినావా?" అంది. "లేదు, ఊరు చూపించు" అన్నాను. నాలుగడుగులు వేశాక తెలిసింది, నాకు దారి తెలియదని. బడి గేటు అనుకుని వెళ్ళింది ఒక హోటలు గేటు. కమలా తోట ఉన్నచోట కార్లు నిలబెట్టి ఉన్నాయి. రోడ్డు దాటేటప్పుడు అది నా చెయ్యి పట్టుకుంది. "ఈడ జాగ్రత్త మా, బైకులు వస్తాయి" అంది. నా ఊళ్ళో నన్ను నడిపిస్తోంది! ఇన్నాళ్ళూ నీ మీద కుళ్ళుకున్నాను, ఆ అరగంట నా కడుపున పుట్టినదాని మీదే కుళ్ళుకున్నాను. దానికి ఏ బంగళా ఎవరిదో, ఏ తోటలో ఏ దొర మొదట కాఫీ నాటించాడో, కొండవాళ్ళు ఏ చెట్టుకు మొక్కుతారో అన్నీ తెలుసు. నేను చెప్పినవాటికి ఎన్నో రెట్లు తెలుసు.

ఘాటు రోడ్డు మొదలయ్యే చోట గోడ మీద కూర్చున్నాం. అప్పుడు అడిగింది. "ఇన్ని కథలు చెప్పినావు గదా మా, అప్పుడంతా చిన్నమ్మ ఏడ ఉన్నింది?"

నువ్వు అడిగిందే అడిగింది. కింద బస్సు ఒకటి మలుపు తిరుగుతూ హారను కొట్టింది. అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పనిది.

నన్ను పంపించిన రోజు బస్సు కదిలింది. ఇంట్లోవాళ్ళంతా బస్టాండులోనే నిలబడిపోయారు. మొదటి మలుపు తిరిగేసరికి నువ్వు రోడ్డు పక్కన నిలబడి ఉన్నావు. తోటలో అడ్డదారిన దిగి వచ్చావు. దగ్గుతో ఇంట్లో పడుకునే పిల్లవి! చెయ్యి ఊపావు. రెండో మలుపులోనూ ఉన్నావు, చెప్పులు చేతిలో పట్టుకుని. మూడో మలుపులో నీ జడ ఊడిపోయి ఉంది. బస్సులో వాళ్ళు నిన్ను చూసి కేకలు పెట్టడం మొదలుపెట్టారు. నాలుగో మలుపులో నువ్వు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నావు, చెయ్యి ఊపలేకపోయావు, తల మాత్రం ఎత్తావు. ఐదో మలుపు వచ్చేసరికి నేను కిటికీలో నుంచి సగం బయటికి వంగి చూశాను. నువ్వు లేవు.

మీ బావ, "అలిసిపోయింటాది, ఇంటికి పోయింటాది" అన్నాడు. ఆ "ఇంటికి" అన్న మాట నన్ను పట్టుకుంది అమ్మణీ. నేను ఎక్కడికో పోతున్నాను. ఇది వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. పోయి నా మంచం మీద పడుకుంటుంది. రేపటి నుంచి నా స్టూలు ఎక్కుతుంది. ఇంకొక్క మలుపు నా కోసం రాలేకపోయిందా? ఆ కోపం సేలం చేరేలోపు గట్టిపడింది. ఎప్పుడు ఊరి కథ చెప్పినా నువ్వు అందులోకి రాబోతే పక్కకు తోసేసేదాన్ని.

ధన్య గోడ దిగి రోడ్డు అంచుకు పోయింది. "ఆ అడ్డదారి ఏడ?" అంది. చూపించాను. కొంత మేర ఒక రిసార్టు గోడ కట్టేశారు, మిగిలింది లాంటానా పొదలు. వద్దంటున్నా దిగింది. మోచేతులు గీరుకుపోయి, రొప్పుతూ పైకి వచ్చింది. "ఇంత నిలువుగా ఉండాదే! దగ్గు పెట్టుకుని దీంట్లోనా దిగినాది?" అని నన్నే గద్దించింది. ఏడుస్తోంది. శుక్రవారం నీ దగ్గరికి వచ్చేస్తానంది. వచ్చాక ఏమీ అడగకు.

కేదార్ మాట ముగిసింది. వరదలక్ష్మిగారు వేరే సంబంధం చూసుకున్నారు. కాఫీ అంగడి పెట్టుకోమని చెప్పాను. పెద్ద మనసుతో వదిలి వచ్చానని మాత్రం అనుకోకు. ఇక రోజూ పొద్దున అది లేచి మొదట చూసే మొహం నీది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. కానీ ఒకటి మారింది. ముందు ఇద్దరినీ కలిపి తిట్టుకునేదాన్ని, ఇప్పుడు ఇద్దరూ తిన్నారో లేదో అని కూడా అనుకుంటున్నాను.

మీ అక్క
రాగిణి


ఏర్కాడు
3 జూన్ 2024

అక్కా,

శుక్రవారం ధన్య వచ్చేసింది. నేను ఏమీ అడగలేదు. వచ్చీరాగానే పొయ్యి గది అంతా సర్దేసి, నాకు జల్లెడ కూడా దొరక్కుండా చేసింది. రెండుసార్లు పోట్లాడుకున్నాం. మోచేతులకు పసుపు రాశాను.

నీ ఉత్తరం వచ్చినప్పుడు పక్కనే ఉంది. "మళ్ళీ వంటలేనా?" అంది. "కాదు, బస్సు" అన్నాను. ఇంకేమీ అడగకుండా బల్ల దగ్గరికి పోయి కూర్చుంది.

నాలుగో మలుపుతో నేను వెనక్కి పోయాననుకున్నావా?

ఐదో మలుపుకు అడ్డదారి లేదక్కా. మధ్యలో పెద్ద బండ అడ్డం. చుట్టూ తిరిగి రావాలి. తిరిగే వచ్చాను. నేను వచ్చేసరికి రోడ్డు మీద దుమ్ము లేచి ఉంది, బస్సు లేదు. ఆరో మలుపుకు పోతే అందుతావేమోనని అక్కడికీ దిగాను. అక్కడి నుంచి కింద చాలా దూరాన బస్సు కప్పు, దాని మీద నీ ఆకుపచ్చ ట్రంకుపెట్టె కనిపించాయి. అవి కనిపించకుండా పోయేదాకా చూశాను. తర్వాత పైకెక్కడానికి ఊపిరి లేక అక్కడే కూర్చుండిపోయాను. నాన్న మాదయ్యను పంపితే, సాయంత్రానికి అతను వెతికి పట్టుకుని కాఫీ మూటల లారీలో ఎక్కించి తెచ్చాడు. ఆ దగ్గుతో నెల రోజులు మంచం మీద ఉన్నాను. నీకు రాస్తే భయపడతావని అమ్మ రాయనివ్వలేదు.

నేను ఇంటికి పోలేదక్కా.

అమ్మణి